తాళం పాఠమా, దొంగతనం పాఠమా?

"ఏం మాస్టారూ, మీరు బళ్ళో పిల్లలకు సైన్సు చెబుతున్నారా, కార్లెత్తుకుపోవడం నేర్పుతున్నారా?"

కిందటి సంవత్సరం ఒక ఉదయం పదో తరగతి కుర్రవాడి తండ్రి ఒకాయన నన్ను బడి వరండాలో నిలేసి అడిగిన మాట ఇది. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. ముందురోజు సాయంత్రం వాళ్ళబ్బాయి ఇంటికి వెళ్ళి, "నాన్నా, పాత కారు నడపడానికి తాళంచెవి అక్కర్లేదు, తెలుసా!" అన్నాడట. ఏ తండ్రికైనా గుండె ఝల్లుమంటుంది గదా! నేను నోరు తెరిచేలోగా ప్రార్థన గంట కొట్టేశారు. ఆ రోజు ఆయనకు చెప్పలేకపోయినది ఇక్కడ చెబుతాను. పిల్లలూ, మీరు చదివాక మీ ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా చదివి వినిపించండి.

మా మావయ్య దగ్గర ఒక అంబాసిడర్ కారు వుంది. 1978 మోడలు, మార్క్ 3. కొన్నది మా తాతయ్య. అది ఇంటికి వచ్చిన రోజున నేను ఎనిమిదేళ్ళవాణ్ణి. దాని ముందు కొబ్బరికాయ కొట్టే భాగ్యం నాకే దక్కింది. తర్వాత ఆ కార్లోనే పెళ్ళికొడుకుగా ఊరేగాను. ఇప్పుడు మావయ్య దాన్ని రోజూ తుడుస్తాడు, ఆదివారం మాత్రమే నడుపుతాడు. అమ్మితే ఎంత వస్తుందో ఆయన ఎన్నడూ అడగలేదు. పోతే మాత్రం మళ్ళీ రాదు. అంబాసిడర్లు తయారైన పశ్చిమ బెంగాల్ లోని ఉత్తరపారా కర్మాగారం 2014లో మూతపడింది. ఇంత పాత బండికి బీమా కంపెనీ కట్టే విలువ బొత్తిగా తక్కువ. డబ్బు వచ్చినా తాతయ్య కారు రాదు గదా!

అటువంటి కారు ఒక రాత్రి మాయమైంది.

తెల్లవారి చూస్తే రేకుల షెడ్డు ఖాళీ. మావయ్య అరుగుమీద కూలబడ్డాడు. అత్తయ్య అందరికీ ఫోన్లు చేసింది. గంట తిరక్కుండానే పాలవాడు వచ్చి, "మీ కారు రైల్వే గేటు దగ్గరుందండీ" అన్నాడు. వెళ్ళి చూస్తే నిజమే. తలుపులు బార్లా తెరిచి వున్నాయి. బానెట్ లేచి వుంది. దొంగ పాపం అక్కడిదాకా నడిపాడు, పెట్రోలు అయిపోయింది! మావయ్య ఎప్పుడూ రెండు లీటర్లకు మించి పోయించడు. "ఎక్కువ పోయిస్తే తిరగబుద్ధవుతుందిరా అబ్బాయ్" అంటాడు. ఆయన పిసినారితనాన్ని వెక్కిరించేవాళ్ళం మేమంతా ఆ రోజు నోరు మూసుకున్నాం.

కానీ నన్ను ఆశ్చర్యపరచింది మరొకటి. మావయ్య కారుకు ఒక రహస్యపు స్విచ్ వుంది. మెకానిక్ సీటు కింద అమర్చి ఇచ్చాడు. అది ఆపితే తాళంచెవి తిప్పినా కారు కదలదు. ఆ రాత్రి కూడా మావయ్య దాన్ని ఆపే పడుకున్నాడు. అయినా కారు వెళ్ళిపోయింది! బానెట్ కింద చూస్తే బ్యాటరీ నుండి కాయిల్ దాకా మూరెడు ఎర్ర తీగ వేలాడుతోంది. దొంగ వదిలిపోయిన ఆ తీగను జాగ్రత్తగా చుట్టి జేబులో వేసుకున్నాను. అప్పటికి పదో తరగతిలో విద్యుదయస్కాంతత్వం పాఠం నడుస్తోంది. అంతకంటే మంచి పాఠ్య పరికరం ఎక్కడ దొరుకుతుంది?

ఆ వారంలోనే మావయ్యను బతిమాలి కారును బడి ఆవరణలోకి తెప్పించాను. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు దాని చుట్టూ మూగారు.

పెట్రోలు ఇంజను నడవాలంటే లోపల గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం మండాలి. మండించేది ప్లగ్గు దగ్గర పుట్టే నిప్పురవ్వ. ఆ రవ్వ ఖాళీ సందును దూకాలంటే పదిహేను, ఇరవై వేల వోల్టులు కావాలి. బ్యాటరీలో వున్నవి పన్నెండే! మరి అంత వోల్టేజి ఎక్కడిది? కాయిల్ అనే డబ్బాలో రెండు తీగచుట్టలుంటాయి. ఒకటి కొద్ది చుట్లది, రెండోది వేల చుట్లది. మొదటి చుట్టలో కరెంటు ప్రవహిస్తే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ కరెంటును ఠక్కున తెంచితే క్షేత్రం కూలిపోతుంది. మారే అయస్కాంత క్షేత్రం తీగచుట్టలో వోల్టేజిని పుట్టిస్తుందని ఫారడే చెప్పాడు గదా! రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టేది అందువల్లనే.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. రవ్వ వచ్చేది కరెంటు ప్రవహిస్తున్నప్పుడు కాదు, ఆగినప్పుడు. ఇంజను తిరుగుతున్నంతసేపూ కరెంటును కలుపుతూ తెంచుతూ వుండే పని డిస్ట్రిబ్యూటర్ లోని పాయింట్లది. కాయిల్ లో మొదటి చుట్ట ఒక కొస బ్యాటరీ వైపు వుంటుంది. రెండో కొస పాయింట్ల గుండా కారు బాడీకి, అంటే ఎర్తుకు చేరుతుంది.

మరి తాళంచెవి చేసే పని ఏమిటి? బ్యాటరీకీ కాయిల్ కూ మధ్య దారిని కలుపుతుంది. అంతే! పాత కారు తాళంచెవి కేవలం ఒక స్విచ్. మీ ఇంట్లో బల్బు స్విచ్ కన్నా ఎక్కువేమీ కాదు. మావయ్య రహస్యపు స్విచ్ కూడా అదే దారిలో, దాని పక్కనే శ్రేణిలో వున్న ఇంకో స్విచ్. దొంగ ఆ రెండింటినీ వెతకనే లేదు. బ్యాటరీ నుండి కాయిల్ కు వేరే దారి వేశాడు. మూసిన గేటు ముందు నిలబడక పక్క సందులోంచి నడిచిపోయినట్లు!

"కాబట్టి ఇలా చేస్తే రహస్యపు స్విచ్ వృథా. ఇప్పుడేం చేద్దాం?" అని అడిగాను.

ఒకడు రెండు స్విచ్ లు పెట్టమన్నాడు. ఇంకొకడు పది పెట్టమన్నాడు. దారి తెంచే స్విచ్ లు ఎన్ని పెట్టినా సందు దారి ఒక్కటి చాలని వాళ్ళకే తట్టింది. అప్పుడు వెనకనుంచి ఒక అమ్మాయి నెమ్మదిగా అంది: "సార్, తెంచే స్విచ్ కాకుండా కలిపే స్విచ్ పెడితే?"

నిజం చెబుతున్నాను, ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నా ఆ క్షణంలో నాకు ఒళ్ళు పులకరించింది. ఆ అమ్మాయి ఆలోచన చూడండి. కాయిల్ రెండో కొసనుండి, పాయింట్లకు సమాంతరంగా, ఒక తీగ తీసి స్విచ్ ద్వారా బాడీకి కలిపామనుకోండి. స్విచ్ వేస్తే కాయిల్ లో కరెంటు ఎడతెగకుండా ప్రవహిస్తుంది. పాయింట్లు తెరుచుకున్నా ఏమీ తెగదు. కరెంటుకు వేరే దారి వుంది. క్షేత్రం కూలదు. రవ్వ పుట్టదు. దొంగ బ్యాటరీనుంచి ఎన్ని తీగలు తెచ్చి కలిపినా ఆ కాయిల్ కు మరింత కరెంటు ఇస్తున్నాడే తప్ప రవ్వ తెప్పించలేడు. సందు దారి వేసి మోసం చేసిన దొంగను సందు దారితోనే మోసం చేయడమన్నమాట!

పైగా దొంగకు అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. సెల్ఫ్ తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి, ఇంజను మాత్రం అందుకోదు. ప్లగ్గులు తడిశాయా, పెట్రోలు లేదా అని వెతుక్కుంటాడు. ఆ రోజే తాత్కాలికంగా ఒక తీగ కలిపి పరీక్షించాం. మావయ్య పది సెకన్లు సెల్ఫ్ కొట్టాడు. కారు దగ్గలేదు, తుమ్మలేదు. తీగ తీసెయ్యగానే మొదటి తిప్పుకే అందుకుంది. పిల్లలు కొట్టిన చప్పట్లకు పక్క తరగతి వాళ్ళు కిటికీల దగ్గరికి వచ్చేశారు.

దీనికీ ఒక లోపం వుంది. కాయిల్ నిరోధం 3 ఓములనుకుంటే 12 వోల్టులకు 4 ఆంపియర్ల కరెంటు, 48 వాట్ల వేడి. ఈ స్విచ్ వేసి తాళంచెవిని ఆన్ లో మరిచిపోతే కాయిల్ కాలిపోవచ్చు. అంతేకాదు, ఓపికగల దొంగ టార్చిలైటుతో వెతికితే ఆ అదనపు తీగ కనిపించవచ్చు కూడా.

ఆ తండ్రి అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. ఇవన్నీ పిల్లలకు చెప్పాలా? చెబితే దొంగకు దారి చూపినట్లు కాదా?

ఈ వాదన చాలా పాతది. 1851లో లండన్ లో మహా ప్రదర్శన జరిగింది. అప్పట్లో జోసెఫ్ బ్రామా తాళమంటే ఎవ్వరూ తియ్యలేని తాళమని పేరు. మీరు పాస్కల్ నియమంలో చదువుకునే హైడ్రాలిక్ ప్రెస్సును తయారుచేసిన బ్రామాయే ఆయన. ఆయన దుకాణం కిటికీలో 1790 నుండి ఒక తాళం, దాన్ని తీసినవారికి 200 గినీల బహుమానమని రాసిన ప్రకటన వుండేవి. అరవై ఏళ్ళపాటు ఎవరూ తీయలేదు. ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికా తాళాల నిపుణుడు వచ్చి పదహారు రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చుని తీశాడు. అంతకుముందే, అంతే పేరున్న చబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తీశాడు. ఊరంతా గగ్గోలు. తాళాల్లో లోపాలున్నాయని బయటపెట్టడం దొంగలకు సాయపడటమే అన్నారు కొందరు. దొంగలకు వాళ్ళ వృత్తి మనకంటే బాగా తెలుసు, తెలియనిది తాళం కొనే అమాయకుడికే అని వాదించారు హాబ్స్ వైపువాళ్ళు.

నేను హాబ్స్ పక్షం. మావయ్య సీటు కింద స్విచ్ పెట్టించుకుని నిశ్చింతగా నిద్రపోయాడు. ఆ తీగ తెచ్చిన దొంగ నా తరగతిలో చదువుకోలేదు. వాడికి ముందే తెలుసు. తెలియనిది మావయ్యకు, నాకు, ఆ మెకానిక్కుకు. సిగ్గుపడుతూ ఒప్పుకోవలసిందే.

హాబ్స్ కథలో నాకు నచ్చే అంకె మరొకటుంది. చబ్ తాళం 25 నిమిషాలు, బ్రామా తాళం 51 గంటలు. రెండూ ఓడిపోయినవే. కానీ నడిరాత్రి వీధిలో 51 గంటలు కూర్చోగల దొంగ ఎవడు? తాళం బలాన్ని గడియారంతో కొలవాలని నా పిల్లలకు చెబుతాను. దొంగ దగ్గర వున్న సమయమెంత, మన అడ్డంకి తినే సమయమెంత అన్నదే లెక్క.

ఇక కొత్త కార్ల సంగతి. వాటి తాళంచెవిలో చిన్న చిప్పు వుంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళంరంధ్రం చుట్టూ వున్న తీగచుట్ట మారే అయస్కాంత క్షేత్రాన్ని పంపితే, చిప్పులోని చుట్టలో కరెంటు పుడుతుంది, మళ్ళీ ఫారడేయే! చిప్పు సరైన జవాబు చెబితేనే ఇంజనును నడిపే కంప్యూటరు ఒప్పుకుంటుంది. ఐరోపా దేశాల్లో 1998 నుండి కొత్త కార్లకు ఇటువంటి ఏర్పాటు తప్పనిసరి చేశారు. మంచిదే. మరి అప్పుడు దొంగ ఎటు పోతాడు?

ఈ ప్రశ్నకు బ్రిటన్ లో ఒక జవాబు దొరికింది. అక్కడ 1971 నుండి కొత్త కార్లకు స్టీరింగ్ తాళం పెట్టారు. పాతవాటి జోలికి పోలేదు. లండన్ పోలీసు పరిధిలో 1969లో ఎత్తుకుపోయిన కార్లలో నూటికి దాదాపు 21 కొత్తవి. 1973 నాటికి అది 5కు పడిపోయింది. భేష్ అనుకుంటాం. కానీ మొత్తం దొంగతనాలు తగ్గలేదు! దొంగలు తాళంలేని పాత కార్లమీదికి మళ్ళారు. పశ్చిమ జర్మనీలో అంతకుముందే, 1960ల మొదట్లోనే, కొత్తవీ పాతవీ అన్నిటికీ స్టీరింగ్ తాళం వుండితీరాలన్నారు. అక్కడ దొంగతనాలు నిజంగానే బాగా తగ్గాయి.

కొత్త కార్లకు తాళాలు గట్టిపడినకొద్దీ మావయ్య కారులాంటివాటికి ప్రమాదం పెరగవచ్చునన్నమాట. ఆ బండి తయారుచేసిన కంపెనీ వచ్చి దానికి చిప్పు పెట్టదు. దాన్ని కాపాడుకోవలసింది దాన్ని ప్రేమించేవాళ్ళే. అందుకు వాళ్ళకు వైరింగు తెలియాలి. బళ్ళో చెప్పకపోతే ఎక్కడ తెలుస్తుంది?

మావయ్య ఇప్పుడు చేస్తున్న ఏర్పాట్లు కూడా చెబుతాను. అన్నిటికన్నా సులువైనది రోటర్. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే మధ్యన బొటనవేలంత ముక్క ఒకటి తిరుగుతూ ఏ ప్లగ్గుకు రవ్వ పోవాలో చెబుతూ వుంటుంది. దాన్ని తీసి జేబులో వేసుకుంటే కారు కదలదు. 1940లో జర్మన్ సైనికులు విమానాల్లోంచి పారాచూట్లతో దిగి దారిలో కార్లు పట్టుకుపోతారేమోనన్న భయంతో, బ్రిటన్ లో ఆపి వెళ్ళే ప్రతి కారునూ నడవకుండా చేసి వెళ్ళాలని నిబంధన పెట్టారు. చాలామంది చేసింది ఈ పనే. మావయ్యా చేశాడు. మూడో ఆదివారం ఆ రోటర్ చొక్కాతోపాటు చాకలి మూటలోకి వెళ్ళింది! అప్పటినుంచీ అత్తయ్య దాన్ని పోపులపెట్టె పక్కన డబ్బాలో పెడుతోంది.

పెట్రోలు గొట్టానికి ఒక కుళాయి కూడా వుంది. అది కట్టేస్తే కారు వెంటనే ఆగదు. కార్బురేటర్ గిన్నెలో మిగిలినదానితో కొంతదూరం పోయి నడిరోడ్డుమీద నిలిచిపోతుంది. రైల్వే గేటు దగ్గర జరిగిన పనే, ఈసారి తెలిసి చేయడం. డీజిలు బండికైతే ఇదొక్కటే దిక్కు. డీజిలు ఇంజనులో రవ్వే వుండదు. కాయిల్ పాఠమంతా అక్కడ చెల్లదు.

అలారం మీద నాకు గౌరవం లేదు. పిల్లి దూకినా మోగుతుంది. నాలుగుసార్లు మోగాక వీధిలో ఎవరూ తల తిప్పరు.

జి.పి.ఎస్. పరికరం మంచిదే గాని లెక్క చూసుకోవాలి. అది 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకోండి. రోజుకు 24 గంటలు, నెలకు 30 రోజులు: 14.4 ఆంపియర్-గంటలు. 55 ఆంపియర్-గంటల బ్యాటరీలో నాలుగో వంతుకు పైన! నెలల తరబడి కదలని కారైతే బ్యాటరీ చచ్చిపోతుంది, దానితో కాపలావాడూ చచ్చిపోతాడు. పైగా పాత కారు ఇనుపపెట్టె. ఇనుపరేకు చాటున పెడితే ఉపగ్రహాల సంకేతం అందదు. మేము అద్దం దగ్గర, గుడ్డ చాటున పెట్టాం. మావయ్య వారానికొకసారి నడుపుతాడు గనుక బ్యాటరీకి దిగులు లేదు.

ఇవన్నీ చేసినా క్రేన్ లారీ తెచ్చి ఎత్తుకుపోయేవాణ్ణి ఏ స్విచ్ ఆపుతుంది? అందుకు చక్రానికి గొలుసు వేశాం, షెడ్డుకు తలుపు పెట్టించాం. ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఫోటో తీసి ఇంట్లో దాచాం. ఏ ఒక్కటీ గొప్పది కాదు. కానీ ఒక్కొక్కదానికి ఒక్కొక్క పనిముట్టు, ఒక్కొక్క తెలివి కావాలి. గడియారం తిరుగుతూనే వుంటుంది.

ఆ తండ్రితో తర్వాత మాట్లాడాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. "మీరు చెప్పింది బాగానే వుంది మాస్టారూ, పిల్లలందరూ మంచివాళ్ళే వుంటారా?" అన్నాడు. వుండకపోవచ్చు. అగ్గిపుల్ల గీయడం కూడా అందరికీ నేర్పుతున్నాం గదా అన్నాను. ఆయన నవ్వలేదు. హెడ్మిస్ట్రెస్ గారు మాత్రం, వచ్చే ఏడు కారు తీసుకురాకుండా బోర్డుమీద బొమ్మ వేసి చెప్పమన్నారు. బొమ్మలో సెల్ఫ్ తిరగదు, చప్పట్లూ రావు. ఈ విషయమై ఆవిడతో మళ్ళీ ఒకసారి పోట్లాడదామనుకుంటున్నాను.

ఆయన మాటలో ఒక్కటి మాత్రం నన్ను తొలిచింది. ఆ కొత్త స్విచ్ ఎక్కడ బిగించామో ముప్ఫై ఎనిమిది మందికీ తెలుసు. మావయ్య అయితే ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ బానెట్ ఎత్తి మరీ చూపించాడు! రహస్య లిపుల గురించి 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే పండితుడు ఒక సూత్రం చెప్పాడు. పద్ధతి శత్రువుకు తెలిసిపోయినా నష్టం రాకూడదట. దాచవలసింది చిన్నదై, సులభంగా మార్చుకోగలిగినదై వుండాలట. స్విచ్ పద్ధతి మీ అందరికీ చెప్పేశాను. ఈ ఆదివారం మావయ్యా నేనూ కూర్చుని దాని చోటు మార్చబోతున్నాం. ఎక్కడికన్నది ఈసారి అత్తయ్యకు కూడా చెప్పం.